రెండున్నర అర్పాన్ల చెరకు తోట

(మారిషస్‌లో ఉగాది ఉత్సవముల సందర్భమున జరిగిన సభలో చదివిన ప్రసంగ పాఠము)



నిర్వాహకులు మాకు ఇచ్చిన విషయము "మన పెద్దలు, మన భూమి". దానిమీద పెద్ద మాటలు మాట్లాడడము మాకు రాదు. మేము నలుగురము, ఒక తల్లి బిడ్డలము. ఇద్దరు మగవాళ్ళము, ఇద్దరు ఆడవాళ్ళము. మా నాయన, అమ్మ 2022లో తమ చెరకు తోట వదులుకొన్నారు. ఆ సంగతినే నలుగురము కూర్చుని వ్రాసుకొని వచ్చినాము. చదివేది ఒకరే అయినా మాట నలుగురిదీ. మాలో మాకు పొత్తు కుదరని చోట్లు ఉన్నవి. అక్కడ కుదరలేదనే చెబుతాము.

నాయన ఈ సభలోనే మూడవ వరుసలో కూర్చుని ఉన్నారు. ముందే ఆయనకు వినిపించినాము. రెండు చోట్ల దిద్దించినారు, ఒక చోట కొట్టివేయించినారు. అమ్మ మాత్రము "నేనన్న మాట మార్చకుండా రాయండి, అంతే చాలు" అన్నది. ఇంట్లో మేము మాట్లాడుకొనేది ఎక్కువగా క్రెయోల్ అని మీకు తెలియనిది కాదు. సాయంకాలపు బడిలో నేర్చుకొన్న తెలుగుతో వారి మాటలను వ్రాసినాము. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మా తోట ఫ్లాక్ జిల్లాలో ఉన్నది. కొలత రెండున్నర అర్పాన్లు. ఇక్కడ పుట్టినవారికి చెప్పనక్కరలేదు గాని, ఆంధ్రదేశమునుండి వచ్చిన అతిథుల కోసము చెబుతున్నాము: అర్పాను అంటే ఎకరముకంటె పిసరంత ఎక్కువ. పెద్ద చక్కెర ఎస్టేట్ల నడుమ మా తోట ఒక చేతిగుడ్డంత.

మా ముత్తాత కోరంగి రేవునుండి ఓడ ఎక్కినాడని ఇంట్లో చెప్పుకొనేవారు. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరచిన వలస రిజిస్టర్లలో వెదికించినాము. ఆయన నంబరు దొరికింది. జిల్లా విశాఖపట్నమని ఉన్నది. ఊరి పేరు మాత్రము ఆనాటి గుమాస్తా తన చెవికి ఎట్లా వినబడితే అట్లా వ్రాసుకొన్నాడు. ఎంత కూడబలుక్కొన్నా పోల్చుకోలేకపోయినాము. మన తెలుగువాళ్ళందరినీ ఈ దీవిలో ఆ రేవు పేరుతో కోరంగీలు అని పిలిచినారు గదా, మా ఇంట్లోనూ అదే పేరు ఊరి పేరై కూర్చున్నదేమో.

కట్టుబాటు కూలి తీరిన తరువాత ఆయన తిరిగి ఓడ ఎక్కలేదు. పంతొమ్మిదవ శతాబ్దము చివరి దశకములలో చక్కెర గిరాకీ తగ్గి, ఎస్టేట్ల యజమానులు తమ అంచు భూములను ముక్కలు చేసి అమ్ముకొన్నారు. చరిత్ర పుస్తకములలో దానిని గ్రాన్ మోర్సెల్మాన్ అంటారు. మంచి భూమి ఎవరు అమ్ముతారు? మన పెద్దలకు వచ్చినవి రాళ్ళు. ఈ దీవి అగ్నిపర్వతము కక్కిన దీవి. పార ఎక్కడ దించినా నల్లరాయి ఖంగుమంటుంది. మా ముత్తాత ఒక అర్పాను కొన్నాడు, తాత తరువాత ఒకటిన్నర కలిపినాడు. ఇద్దరూ ఏరిన రాళ్ళు తోట నడుమ గుట్టగా పేరుకొన్నవి. ఆ గుట్ట ఇంకా ఉన్నది. మా ఇంటి గోడకంటె ఎత్తు. దాని మొదట్లో, మామిడి చెట్టు కింద, పసుపు పూసిన చిన్న రాయి ఒకటి ఉన్నది. అది అమ్మోరు. ఆ రాయిని ఎవరు పెట్టినారో ఎవరికీ తెలియదు, నాయనకు కూడా.

నాయన 1940లో పుట్టినారు. 1960 ఫిబ్రవరిలో కరోల్ తుఫాను వచ్చినప్పుడు ఆయనకు ఇరవై ఏళ్ళు. ఆ జనవరిలోనే అలిక్స్ వచ్చి పోయినది, దాని వెనుకనే ఇది. చెరకాకు కప్పిన ఇల్లు ఎగిరిపోయినది. తెల్లవారి తాత తోటకు పోయి చూసి వచ్చి "ఇల్లు పోయింది గాని దుబ్బు పోలేదురా" అన్నాడట. చెరకు అంతా నేలపట్టినది, కాని దుబ్బులు బతికినవి. మళ్ళీ పిలకలు వేసినవి. ఈ మాట మేము చిన్నప్పటినుండి ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. పరీక్ష తప్పితే ఆ మాట, ఉద్యోగము రాకపోతే ఆ మాట. విసుగు పుట్టేది కూడాను.

1974లో చక్కెర ధర ఆకాశానికి ఎగిరినది. ఆ డబ్బుతోనే సిమెంటు ఇల్లు మొదలుపెట్టినారు. 1975 ఫిబ్రవరిలో జెర్వేజ్ తుఫాను వచ్చేసరికి గోడలు నిలిచి ఉన్నవి, పైకప్పు పడలేదు. ఊళ్ళో మూడు కుటుంబములు ఆ నాలుగు గోడల నడుమ రేకులు కప్పుకొని తలదాచుకొన్నవి. ఆ ఏడాదే ఐరోపా దేశములతో చక్కెర ఒప్పందము జరిగినది. ఏటా సుమారు 5 లక్షల టన్నుల చక్కెరను కట్టుబడి ధరకు కొంటామని వారు ఒప్పుకొన్నారు. ఆ ఒప్పందము పేరు నాయనకు నోరు తిరగదు గాని, దాని నీడలోనే మేము నలుగురమూ చదువుకొన్నాము. 1977లో ప్రభుత్వము కాలేజీ ఫీజులు తీసివేసినది. మాలో పెద్దవాడు ఆ మరుసటి ఏడే కాలేజీలో చేరినాడు. రెండవది ఎగుమతి ఫ్యాక్టరీలో రెండేళ్ళు స్వెటర్లు అల్లి, ఆ తరువాత నర్సు పనికి ఇంగ్లండు పోయినది. మూడవవాడు పోర్ట్ లూయీలో బ్యాంకు ఉద్యోగి. నాలుగవది బడిలో తెలుగు చెబుతున్నది. ఇంటి ముందు నలుగురు బిడ్డలు, తోటలో ఒక్కరూ లేరు. మమ్మల్ని తోటలోనికి రానివ్వనిది కూడా నాయనే. "మీరు కత్తి పట్టుకోవద్దు, కలము పట్టుకోండి" అని వాకిట్లోనుండే వెనక్కు పంపేవారు. తరువాత "నా తోట చూసేవాడు లేడు" అని బాధపడినది కూడా ఆయనే. (ఇక్కడ నాయన దిద్దించినారు. బాధపడలేదట, అన్నారంతే.)

అమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. అమ్మ 1964లో, పద్దెనిమిదవ ఏట, ఈ ఇంటికి వచ్చినది. మిల్లు పుస్తకములో ప్లాంటరుగా ఉన్న పేరు నాయనది. కలుపు తీసినది అమ్మ. ఎరువు చల్లినది అమ్మ. ఎండుటాకు దులిపినది అమ్మ. చెరకాకు అంచు కత్తిలాంటిది. ఆమె ముంజేతులమీద గీతలు మేము చిన్నప్పుడు లెక్కపెట్టేవాళ్ళము. తెల్లవారుజామున నాలుగింటికి లేచి మాకు అన్నము వండి, గోనె గుడ్డ నడుముకు కట్టుకొని వెళ్ళి, మేము బడినుండి వచ్చేసరికి ఇంట్లో ఉండేది. సాళ్ళ మధ్య ఉర్లగడ్డలు, చిక్కుడు వేసి అమ్మిన డబ్బు ఆమె చేతిలో ఉండేది. మా యూనిఫారాలు, పుస్తకములు అన్నీ ఆ ఉర్లగడ్డలే. నాయన చెరకు లెక్క మాకు తెలుసు. అమ్మ ఉర్లగడ్డల లెక్క ఎవరూ వ్రాయలేదు.

చెరకు ఎందుకు కూలినదో మీ అందరికీ తెలుసు, త్వరగా చెప్పి ముగిస్తాము. ఐరోపావారు 2006నుండి నాలుగేళ్ళలో ధరను 36 శాతము తగ్గించినారు. 2009లో ఆ పాత ఒప్పందమే ముగిసినది. 2017లో వారు తమ బీట్ చక్కెరమీద పరిమితులు ఎత్తివేయగా ధర మరోసారి పడినది. మిల్లులు ఒకదానివెంట ఒకటి మూతపడినవి. ఒకప్పుడు దీవి నిండా పొగగొట్టములే, ఇప్పుడు మూడు మిల్లులు మిగిలినవి. మా దగ్గరి మిల్లు మూసిన తరువాత చెరకు దూరము పోవలసి వచ్చినది, లారీ కిరాయి పెరిగినది. ఇటీవల ప్రభుత్వము చిన్న రైతులకు హామీ ధర ఇచ్చినది, అది నిజము. ఆ మాటే నాయన మాతో వాదించినారు: "ధర లేనప్పుడు చేశాను, ధర వచ్చినప్పుడు మానెయ్యమంటారా?" ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ధర వచ్చేసరికి చేతులు పోయినవి, అంతే.

లెక్క ఇది. మంచి ఏడాదిలో మా తోట అర్పానుకు 30 టన్నులు ఇచ్చినది. చెరకు ఒకసారి నాటితే మొక్క తోట తరువాత ఆరేడు కార్సి తోటలు కోసుకొని, మళ్ళీ దున్ని నాటాలి. నాయన ఆఖరిసారి నాటి పదేళ్ళు దాటినది. దున్ని నాటే ఖర్చు తిరిగి వచ్చేదాకా తాను ఉంటాడో ఉండడో అని ఆయన నాటలేదు, మాతో చెప్పలేదు. దిగుబడి అర్పానుకు 20 టన్నులకు లోపలికి వచ్చినది. పది టన్నుల చెరకుకు ఒక టన్ను చక్కెర. అందులో నూటికి 78 పాళ్ళు రైతుది, 22 మిల్లుది. ఆ వచ్చినదానిలో కోతకూలి, లారీ, ఎరువు పోను మిగిలినది చూస్తే, రెండేళ్ళు నాయన తన వృద్ధాప్య పింఛను తోటలో పోసినారు. ఈ సంగతి మాకు బ్యాంకువాడి ద్వారా తెలిసినది. బ్యాంకువాడు అంటే మా మూడవవాడే.

"ఈ లకూప్ ఒక్కటీ అయిపోనీ." ఇది నాయన మాట. ఎనిమిదేళ్ళు ప్రతి కోతకాలములోనూ ఇదే మాట. 2021లో గట్టుమీద కాలు జారి పడినారు. తుంటి విరగలేదు, అదృష్టము. రెండు గంటలు అక్కడే పడి ఉన్నారు. చెరకు నిలువెత్తున ఉంటే లోపల మనిషి ఉన్నట్టు దారిన పోయేవాడికి తెలియదు గదా. తరువాత కంటి చూపు మందగించినది. కాటా చీటీమీద అంకెలు కనబడక, లారీ డ్రైవరు చదివినది నమ్మి సంతకము పెట్టి వచ్చేవారు.

ఇప్పుడు మేము చేసిన తప్పు చెబుతాము. దీనిని కొట్టివేయమని నాయన అడగలేదు. మేమే కొట్టివేద్దామా అని ఒక రాత్రంతా ఆలోచించినాము.

2022 ఏప్రిల్‌లో నాయనకు కంటి శుక్లము ఆపరేషను జరిగినది. ఆయన ఆసుపత్రిలో ఉన్న రోజుననే మాలో పెద్దవాడు, ఇళ్ళ స్థలాలుగా భూములు కొని అమ్మే ఒక మనిషిని తోటకు తీసుకువెళ్ళినాడు. మిగతా ముగ్గురికీ చెప్పే తీసుకువెళ్ళినాడు. ఇంగ్లండులో ఉన్నది ఫోనులో "నాయనకు చెప్పారా?" అని మాత్రము అడిగినది, చెప్పలేదంటే ఊరుకొన్నది. బడిలో చెప్పేది ఏడ్చినది, కాని అడ్డుపడలేదు. మూడవవాడు ధర ఎంత అని అడిగినాడు. నలుగురమూ ఒప్పుకొన్నట్టే లెక్క. ఆ మనిషి టేపు పట్టి నాలుగు మూలలూ కొలిచినాడు. దానిని పక్క తోటవాడు చూసినాడు. ఊళ్ళో మాట నిలవదు గదా.

నాయన కంటిమీద ఆకుపచ్చ కట్టుతో ఇంటికి వచ్చి, వరండాలో కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు కూడా తాగకుండా అడిగినారు. "నా కన్ను కట్టించి నా తోట కొలిచారా?"

ఎవరమూ మాట్లాడలేదు.

తరువాత నలభై రోజులు ఆయన మాతో మాట్లాడలేదు. కంటి డాక్టరు దుమ్ములోకి పోవద్దన్నా వినకుండా, వృద్ధులకు ఉచితముగా ఉన్న బస్సు ఎక్కి రోజూ తోటకు పోయి, రాళ్ళ గుట్టమీద కూర్చుని, మధ్యాహ్నము తిరిగి వచ్చేవారు. పని ఏమీ చేయలేదు. కాపలా కూర్చున్నారు. ఎవరినుండి కాపలా? మానుండి.

ఒక శనివారము గుడిలో రామభజన ఉన్నది. ముగ్గురము ఇంటికి వచ్చినాము, ఇంగ్లండు మనిషి ఫోనులో ఉన్నది. భజనకు పోయే ముందు వంటింట్లో కూర్చుని మళ్ళీ అదే మాట. అమ్మ పచ్చడి నూరుతూ వింటున్నది. అమ్మమ్మ పేరు అడిగినా, అప్పడాలు కావాలా అని అడిగినా, తోట అమ్మాలా అని అడిగినా అమ్మ ముఖము ఒకేలా ఉంటుంది. అందుకే మేము ఎన్నడూ అడగలేదేమో. పొత్రము ఆపి ఇట్లా అన్నది. ఆమె కోరినట్లు, మార్చకుండా వ్రాసినాము:

"మీరు నలుగురూ ఆయన్ని అడిగారు. ఆయన తోటని అడిగారు, రాళ్ళని అడిగారు. నన్నెవరడిగారు? నాకు ఆ తోట చాలు అనిపించి ఇరవై ఏళ్ళయింది. మోకాళ్ళు పోయినప్పుడే చాలు అనిపించింది. మానేస్తానంటే ఆయనొక్కరే పోతారు. ఒక్కరిని పంపలేక నేనూ పోయాను. ఆయన చెరకు కోసం పోయారు, నేను ఆయన కోసం పోయాను. ఇంత కాలం ఇద్దరం ఒకే పని చేస్తున్నామనుకున్నారు మీరు."

వరండాలో కుర్చీ కదిలినది. నాయన అక్కడే ఉన్నారు. విన్నారు. ఆ రాత్రి భజనకు ఆయన రాలేదు. మేము పోయి దీపము చుట్టూ తిరుగుతూనే ఉన్నాము గాని, పాట ఏది ముగిసి ఏది మొదలైనదో మాకు తెలియలేదు.

మరునాడు ఉదయము నాయన తోటకు పోలేదు. ఆ మరునాడూ పోలేదు. మూడవ రోజున మమ్మల్ని పిలిపించి, కాగితము మీద తానే వ్రాసుకొన్నది చదివినారు. తానూ అమ్మా ఉన్నంతకాలము తోట అమ్మడానికి వీలు లేదు. తామిద్దరూ ఇక దానిలో దిగరు. రాళ్ళ గుట్టను, మామిడి చెట్టును ఎవరూ ముట్టుకోరాదు. ఈ ఒక్క కోత తాను దగ్గరుండి చేయిస్తారు. కౌలు ఎవరికి ఇవ్వాలో తానే చెబుతారు. చదివి, కాగితము మడిచి, అమ్మవైపు చూసి "ఇంకేమైనా ఉందా?" అని అడిగినారు. యాభై ఎనిమిదేళ్ళ కాపురములో ఆయన ఆమెను అట్లా అడగగా మేము వినడము అదే మొదలు. అమ్మ "కౌలువాడు ఎరువు మూటలు మన ఇంట్లో పెట్టకూడదు" అన్నది. అదీ వ్రాసినారు.

నోటేరు దగ్గరకు పోయినాము. ఈ విషయము ఇక్కడ కొంచెము వివరముగా చెబుతాము, ఎందుకంటే సభలో చాలామందికి ఇదే అవసరము పడుతుంది. ఫ్రెంచివారి కాలపు సివిల్ కోడును బ్రిటిషువారు 1810లో దీవిని తీసుకొన్న తరువాత కూడా ఉంచినారు. దాని ప్రకారము బిడ్డలందరికీ వాటా సమానము, ఆడపిల్ల అయినా మగపిల్లవాడైనా. (ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లకు పూర్వీకుల ఆస్తిలో కొడుకుతో సమానముగా హక్కు ఇచ్చిన చట్టము 1986లో వచ్చినదని విన్నప్పుడు మా ఆడవాళ్ళిద్దరము కొంచెము గర్వపడినాము.) ఈ సమాన వాటాకు ఒక చిక్కు ఉన్నది. తల్లిదండ్రులు ఏమీ వ్రాయకుండా పోతే భూమి అందరి పేరునా ఉమ్మడిగా ఉండిపోతుంది. ఒకరు కెనడాలో, ఒకరు ఫ్రాన్సులో, ఒకరు పోయి వారి బిడ్డలు ఎక్కడో. సంతకములు కుదరక తోటలు తుప్పలు పట్టి పడి ఉన్నవి. ఫ్లాక్ దారి పొడుగునా చూడండి, చెరకు ఉండవలసిన చోట ముళ్ళపొద ఉంటే సగము చోట్ల కారణము ధర కాదు, సంతకములు. నోటేరు చెప్పిన మార్గము ఇది: తల్లిదండ్రులు బిడ్డలకు ఆస్తిని దానముగా వ్రాస్తారు, కాని అనుభవించే హక్కును బతికినంతకాలము తమ చేతిలో ఉంచుకొంటారు. యూజుఫ్రుయి అని దాని పేరు. కౌలు వస్తే వారిది, పంట వస్తే వారిది. వారు పోయినప్పుడు ఆ హక్కు దానంతట అదే బిడ్డలకు చేరుతుంది. నాయనకు ఇది నచ్చినది. "ఇచ్చినట్టూ ఉంది, ఇవ్వనట్టూ ఉంది" అన్నారు. నోటేరు కూడా నవ్వినాడు.

మాలో పెద్దవాడు ఈ ఏర్పాటుకు సంతకము పెట్టినాడు గాని, ఇప్పటికీ ఒప్పుకోలేదు. అతని మాట కూడా ఇక్కడ చదవాలని షరతు పెట్టినాడు, చదువుతున్నాము. ఆ రోజు అమ్మి ఉంటే వచ్చిన సొమ్ముతో తల్లిదండ్రులకు చివరి వరకూ ఇంట్లో పగలూ రాత్రీ చూసుకొనే మనిషిని పెట్టగలిగేవాళ్ళము. కౌలుతో అది రాదు. రాళ్ళ గుట్ట మందు బిళ్ళలు కొనిపెట్టదు. అతని లెక్క తప్పని మిగతా ముగ్గురము చెప్పలేము. నెలకు ఒకసారి మందుల షాపు రసీదు చూసినప్పుడు అతని మాట గుర్తుకు వస్తుంది.

ఆఖరి కోత 2022 సెప్టెంబరులో. ఇప్పుడు కోతగాళ్ళు దొరకడము ఎంత కష్టమో మీకు తెలుసు. కాంట్రాక్టరు పంపిన ఆరుగురిలో ఇద్దరు బంగ్లాదేశ్ కుర్రాళ్ళు. వారికి క్రెయోల్ రాదు, నాయనకు బెంగాలీ రాదు. నాయన కత్తి తీసుకొని వంగి, ఒక గడను నేలకు ఆనించి నరికి చూపినారు. చెరకులో తీపి అంతా మొదట్లో ఉంటుంది, జానెడు మోడు వదిలితే ఆ మేర చక్కెర పోయినట్టే. పైగా మోడు పెద్దదైతే దుబ్బు పిలకలు సరిగా వేయదు. మూడవవాడు దగ్గరకు పోయి మెల్లగా "నాయనా, ఈసారి పిలకలు అక్కరలేదు గదా" అన్నాడు. నాయన నడుము ఎత్తకుండానే "అయితే ఏంటి, కోత కోతే" అన్నారు. ఆ కుర్రాళ్ళు ఇద్దరూ సాయంత్రము దాకా నేలబారుగానే కోసినారు.

కాటా దగ్గరకు నాయన స్వయముగా వచ్చినారు. కొత్త కన్నుతో చీటీ తానే చదివినారు. మూడు లారీలు కలిపి 47 టన్నులు. మంచి రోజులలో 75 వచ్చిన తోట. చీటీని చొక్కా జేబులో పెట్టుకొని, ఇంటికి వచ్చి, ముత్తాత కొనుగోలు కాగితము ఉన్న రేకు పెట్టెలో వేసినారు.

దుబ్బులు పెకలించడానికి ట్రాక్టరు వచ్చిన రోజు అమ్మ పోలేదు. మేమూ పోలేదు. నాయన ఒక్కరే పోయినారు. వచ్చి స్నానము చేసి, అన్నము తిని, పడుకొన్నారు. దీనిని గురించి ఇంతకంటె వ్రాసినది ఉండినది. ఆయన కొట్టివేయించినది ఇక్కడే.

తరువాతి ఆరు నెలలు మంచివి కావు. పని మానితే విశ్రాంతి దొరుకుతుందని మేము అనుకొన్నాము. నాయన తెల్లవారుజామున లేచి, బట్టలు మార్చుకొని, బస్సు స్టాపు దాకా పోయి, గుర్తుకు వచ్చి వెనక్కు వచ్చేవారు. అయిదు కిలోల బరువు తగ్గినారు. డాక్టరు పరీక్షలన్నీ చేయించి ఏమీ లేదన్నాడు. అమ్మకేమో నిద్ర పట్టినది. పెళ్ళయిన తరువాత మొదటిసారిగా ఆరింటి దాకా నిద్రపోయినదట. ఒకే ఇంట్లో ఒకరికి తోట పోయినది, ఒకరికి తెల్లవారుజాము తిరిగి వచ్చినది. ఎవరివైపు సంతోషపడాలో, ఎవరివైపు దిగులుపడాలో మాకు తెలిసేది కాదు. అమ్మ తన పనిముట్లన్నీ పంచిపెట్టి, ఒక పియోష్ మాత్రము ఉంచుకొన్నది. ఎందుకంటే "పాములొస్తాయి" అన్నది. మా వీధిలో పాము చూసినవాళ్ళు ఎవరూ లేరు.

కౌలుకు తీసుకొన్నది మా ఊరి కుర్రవాడు. తెలుగువాడు కాదు. అతని తాత మా తాతతో కలిసి ఎస్టేటులో పనిచేసినాడు, నాయన అది చూసి ఎంచినారు. అనాస వేసినాడు, చిన్న విక్టోరియా రకము, అంచున మిరప. మొదట్లో నాయనకు అది నచ్చలేదు. "నేలకు ఆనుకొని ఉండే పంట, గాలికి ఊగదు, చప్పుడు చేయదు" అన్నారు. చెరకు తోటలో గాలి చప్పుడు వినకుండా ఆయన ఎన్నడూ ఉండలేదు గదా.

2023లో పెద్ద వాన కురిసిన తరువాత ఆ కుర్రవాడు వాన్ వేసుకొని ఇంటికి వచ్చినాడు. తూర్పు మూల నీరు నిలిచి మొక్కలు కుళ్ళుతున్నవి, ఏమి చేయాలో తెలియడము లేదు, తాతగారు ఒకసారి వచ్చి చూస్తారా అని అడిగినాడు. నాయన చొక్కా కూడా మార్చుకోకుండా వాన్ ఎక్కినారు. రాళ్ళ గుట్ట కిందుగా తాత 1960 తుఫాను తరువాత తీసిన కాలువ ఒకటి ఉన్నది, చెరకాకు చెత్తతో పూడిపోయి ఎవరి కంటికీ ఆనదు. అది ఎక్కడుందో తెలిసినవాడు ఈ భూమిమీద ఒక్కడే. కర్రతో గీత గీసి చూపించినారట. కుర్రవాడు తవ్వించినాడు, నీరు పోయినది. అప్పటినుండి వారానికి ఒకసారి వాన్ వస్తుంది.

2024లో మొదటి కాపు తెచ్చి ఇచ్చినాడు. ఆరు పండ్లు. అమ్మ ఒకటి దేవుని ముందు పెట్టి, ఒకటి మామిడి చెట్టు కింద అమ్మోరికి పంపించి, మిగతావి కోసి, ఉప్పు, చింతపండు, పచ్చిమిరప కలిపి అందరికీ పెట్టినది. నాయన రెండు ముక్కలు తిని "తీపి ఉంది" అన్నారు. ఆయన నోట చెరకు గాక ఇంకొకదానికి ఆ మాట రాగా మేము వినలేదు.

ఆ సాయంత్రము వాన్ మళ్ళీ వచ్చి ఆయనను తీసుకొని పోయినది. చీకటి పడే వేళకు కాళ్ళనిండా ఎర్రమట్టితో దిగి గుమ్మములోనికి రాబోయినారు. అమ్మ లోపలినుండే "ఎవరి తోట మట్టి అది? బయట కుళాయి దగ్గర కడుక్కుని రండి" అన్నది. నాయన కుళాయి దగ్గరకు పోయి, చాలాసేపు, మెల్లగా కాళ్ళు కడుక్కొన్నారు.

మేము చెప్పవలసినది ఇంతే.